హంసిక రాని ఇన్‌స్పెక్షన్

"ఫెయిల్," అంది ఆ అమ్మాయి.

ఇంట్లోకి వచ్చి పట్టుమని ఐదు నిమిషాలు కాలేదు. అమెరికాలోని క్యారీ అనే ఊళ్ళో కొత్తగా కొనుక్కున్న టౌన్‌హౌస్ నాది. తాలింపు పెట్టినప్పుడల్లా స్మోక్ అలారం కొంప మునిగినట్టు అరుస్తోందని పొయ్యి పైన పెద్ద చిమ్నీ పెట్టించాను. అది చూడ్డానికి టౌన్ ఆఫీస్ పంపిన ఇన్‌స్పెక్టర్ ఈవిడ. బరువైన బూట్లు, మెడలో బ్యాడ్జి, చేతిలో టార్చిలైటు, పైగా ఆ కళ్ళు. కళ్ళ సంగతి చెప్పడం మొదలుపెడితే కథ ముందుకు సాగదు.

"ఎలక్ట్రీషియన్‌కి లైసెన్స్ ఉందండీ!" అన్నాను ఇంగ్లీషులో.

"వైరింగ్‌కి ఉంది. డక్ట్‌కి, అంటే పొగ పోయే గొట్టానికి, లేదు. దానికి మెకానికల్ పర్మిట్ వేరే తీసుకోవాలి," అంది ఆవిడా ఇంగ్లీషులోనే. "పైగా ఈ గొట్టం పొగని బయటికి పంపట్లేదు. అటక మీదికి పంపుతోంది."

"చచ్చాన్రా దేవుడా," అని తెలుగులో గొణుక్కున్నాను. "ఇప్పుడు వీసాకి ఎసరు పెడతారేమో!"

"నీ వీసాకి, కిచెన్‌కి ఏంటి సంబంధం?" అంది, తెలుగులో!

అప్పుడు చూశాను బ్యాడ్జి వైపు. పేరు హంసిక. ఇక్కడే పుట్టి పెరిగిందట. నన్ను 'నువ్వు' అంది. అది చనువో, ఇక్కడి పిల్లల అలవాటో అర్థం కాలేదు.

డక్ట్ పనివాళ్ళని పిలిపించి అంతా సరిచేయించి, మళ్ళీ ఇన్‌స్పెక్షన్ బుక్ చేశాను. ఆ రోజు పొద్దున్నే లేచి పులిహోర కూడా కలిపాను. ఎందుకని అడక్కండి.

"కొంచెం తినండి," అన్నాను.

"డ్యూటీలో ఉన్నా. ఏం తీసుకోకూడదు." కానీ గిన్నె వైపు రెండుసార్లు చూసింది. "ఎవరు చేశారు?"

"నేనే."

"ఒక్కడివే ఉంటావా ఇక్కడ?"

"అవునండీ."

"ఓ," అంది. నవ్విందో, తుమ్ము ఆపుకుందో తెలీదు. మరుక్షణం మొహం గంభీరంగా పెట్టింది. "మళ్ళీ ఫెయిల్. ఇంత పెద్ద ఫ్యాన్ ఇంట్లో గాలంతా లాగేస్తుంది. బయటి గాలి లోపలికి రావడానికి ఇంకో దారి పెట్టించు."

ఫెయిలైనందుకు నేను సంబరపడిపోయాను. పాసైతే ఆవిడ మళ్ళీ ఎందుకొస్తుంది మరి?

మా ఫ్రెండ్ రఘువీర్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఆ 'ఓ'కి అర్థం ఏంట్రా?"

"నువ్వంటే ఒళ్ళుమంట అని," అన్నాడు. "లేకపోతే రెండుసార్లు ఫెయిల్ చేస్తుందా?"

"మరి ఒక్కడివేనా అని ఎందుకడిగింది?"

"నీకు పిచ్చెక్కింది, పెట్టెయ్."

గాలికి దారీ పెట్టించాక, మూడో ఇన్‌స్పెక్షన్ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు తీశాను. ఎదురుగా మెడలో అలాంటి బ్యాడ్జితోనే వాల్టర్ అనే పెద్దాయన.

"హంసిక రాలేదా?"

"ఈ ఇల్లు తనకొద్దని అడిగి మరీ తప్పుకుంది," అన్నాడాయన. చకచకా అన్నీ చూసి, "పాస్! కంగ్రాట్స్!" అని చెయ్యి కలిపాడు.

నాకు ఏడుపొచ్చింది. అంత చేదైపోయానా? పులిహోర పెట్టడం తప్పయిందా? ఎంత బుర్ర గోక్కున్నా ఏమీ తేలలేదు.

సాయంత్రం వాన మొదలైంది. బెల్ మోగితే వెళ్ళి తీశాను. హంసిక! బ్యాడ్జి లేదు, ఆ బరువైన బూట్లు లేవు. తడిసిన జుట్టు బుగ్గకి అంటుకుని ఉంది.

"పాస్ అయ్యావట?"

"మీకెందుకండీ? నా ఇల్లే వద్దన్నారటగా." ఎంత వద్దనుకున్నా గొంతులో ఉక్రోషం దాగలేదు.

"అవును, వద్దన్నా."

"నేనేం చేశాను?"

"అబ్బా! మాకు రూల్ ఉంది. మనకి కావల్సినవాళ్ళ ఇల్లు మనం ఇన్‌స్పెక్ట్ చేయకూడదు. ముందే బాస్‌కి చెప్పి తప్పుకోవాలి."

"అయితే?" అన్నాను. నిజంగానే బుర్ర పనిచేయడం లేదు.

"అయితే ఏంటి అయితే? వెళ్ళి చెప్పా. రీజన్ అడిగాడు. అదీ చెప్పా." తల కొట్టుకుంది. "ఇప్పుడు ఆఫీస్ మొత్తానికి తెలుసు. నీకే తెలీదు!"

తలుపు బార్లా తెరిచాను. "నాకూ నువ్వంటే చాలా ఇష్టం, హంసికా."

"థాంక్ గాడ్," అంటూ గట్టిగా ఊపిరి వదిలింది. "నువ్వు నో అని ఉంటే, మండే ఆఫీస్‌కి ఏ మొహం పెట్టుకుని వెళ్ళేదాన్ని?"