ఖాళీ టార్గెట్

"మధ్యాహ్నం పన్నెండు కాగానే ఆ లిస్టు దేశం దాటిపోతుంది," అన్నాడు చీఫ్. "మారువేషాల్లో ఉన్న మనవాళ్లు ముప్పై ఇద్దరి పేర్లు. అందులో నీ బామ్మర్ది పేరూ ఉంది."

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్‌ని డిపార్ట్‌మెంటులో అందరూ నత్త అంటారు. ఏ కంప్యూటర్ స్క్రిప్టునీ చదవకుండా, పరీక్షించకుండా నడపడు. ఆ పేరు వింటే ఒళ్లు మండుతుంది గానీ అలవాటు మాత్రం మానడు.

పదకొండు యాభై రెండు. ఏసీ మెకానిక్ వేషంలో నత్త ఒక పళ్ల క్లినిక్ వెనకగదిలో ఉన్నాడు. లిస్టు కొట్టేసిన ముఠా సర్వర్ అక్కడే. బొత్తాం సైజు పెన్‌డ్రైవ్ గుచ్చాడు. అందులోని స్క్రిప్టు నెమలి రాసింది. ఆవిడ డిపార్ట్‌మెంటు అందగత్తె, పన్నెండేళ్లుగా కోడ్ రాస్తున్న ఘటికురాలు. లిస్టున్న ఫోల్డర్ చిరునామాను టార్గెట్ అనే వేరియబుల్‌లో దాచుకుని, ఆ ఫోల్డర్‌ని తుడిచెయ్యడమే స్క్రిప్టు పని.

"రన్ చెయ్ నత్తా. టైం లేదు," ఇయర్‌పీస్‌లో నెమలి తియ్యటి గొంతు.

"ఒక్క నిమిషం మేడం."

తుడిచే లైన్ ఆపి, టార్గెట్‌లో ఏముందో స్క్రీన్ మీద వేయించాడు. ఏమీ లేదు.

నత్త పై లైన్ మళ్లీ చదివాడు. ఈక్వల్ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదిలి ఉంది. అలా రాస్తే ఆదేశాలు చదివి నడిపే షెల్ ప్రోగ్రాం విలువను ఎక్కించుకోదు, టార్గెట్ అనే కమాండ్ కోసం వెతుక్కుంటుంది. ఎర్రర్లు కనిపించకుండా ముందే నోరు కట్టేసి ఉంది. నడిపి ఉంటే ఏమీ తుడవకుండానే పని పూర్తయిందని చూపించేది. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలో చేసే తప్పు అది.

ఖాళీలు తీసేసి మళ్లీ చూశాడు. మళ్లీ ఏమీ లేదు!

పదకొండు యాభై ఎనిమిది. కారిడార్‌లో బూట్ల చప్పుడు. బామ్మర్దికి ఏమైనా అయితే ఇంట్లో మొహం ఎలా చూపించాలి?

"రన్ చెయ్యవేం?" నెమలి గొంతులో ఇప్పుడు తేనె లేదు.

ఫోల్డర్ పేరు 'ఫైనల్ లిస్ట్'. రెండు మాటలు, చుట్టూ కొటేషన్లు లేవు. షెల్ రెండో మాటను విడగొట్టి కమాండ్ అనుకుంటోంది, టార్గెట్ ఖాళీగానే ఉండిపోతోంది. అక్కడా, తుడిచే లైన్లోనూ కొటేషన్లు పెట్టాడు. ఈసారి చిరునామా పూర్తిగా కనిపించింది. ఎంటర్ కొట్టాడు. ఫోల్డర్ మాయమైంది. మరుక్షణం పన్నెండయింది.

తలుపు తెరుచుకుంది. "ఎవడ్రా నువ్వు?"

"ఏసీ గ్యాస్ లీకవుతోంది సార్, లోపలికి రాకండి!"

గార్డు ముక్కు మూసుకుని వెనక్కి పరిగెత్తాడు.

బయటపడగానే నత్త చీఫ్‌కి ఫోన్ చేశాడు. "నెమలిని కదలనివ్వకండి సార్."

పది నిమిషాలకి చీఫ్ తిరిగి చేశాడు. "లిఫ్టు దగ్గర దొరికిందయ్యా. నీ బామ్మర్ది క్షేమం. కానీ ఆవిడ రెండూ పొరపాట్లేనని ఒకటే ఏడుపు."

"మొదటిది పొరపాటే అనుకుందాం సార్," అన్నాడు నత్త. "అది సరిచేసినా పని జరక్కుండా దాని వెనకే రెండోది పెట్టడానికి మాత్రం చాలా శ్రద్ధ కావాలి."