నల్లబండ దగ్గర ఒక్క కుప్ప

పరుగు!

ఇంకా తెల్లారలేదు. ముందు ఒక నీడ. వెనక ఆమె... నది గార్డు.

"ఆగు!"

నీడ ఆగదు. ఇసుకలో ఆమె బూట్లు కూరుకుపోతున్నాయి.

నీటికుక్కలు వేటకు దిగే వేళ ఇది. తల్లి, తండ్రి, మూడు పిల్లలు. ఈ నెలలోనే రెండు కుటుంబాలు చర్మాలై అమ్ముడుపోయాయి. నదికి మిగిలింది ఈ ఒక్కటే!

బొరియల జాడ ఎవరో చెబుతున్నారు. ఎవరు?

నల్లబండ దాటబోతుండగా ఒక్క దూకు! కాలర్ దొరికింది. టార్చ్ వేసింది.

పడవ తాత! వలలు చింపుతున్నాయని రోజూ నీటికుక్కల్ని తిట్టిపోసే ముసలాడు. చేతిలో ఇనప పళ్ల ఉచ్చు.

"నువ్వేనా తాతా?"

"పెట్టింది నేను కాదు తల్లీ... పీకేస్తున్నా! వల చిరిగితే కుట్టుకుంటా. దానికి చంపేస్తామా?"

"మరెందుకు పరిగెత్తావ్?"

"ఉచ్చుతో దొరికితే నమ్ముతావా నువ్వు?"

నమ్మదు. నిజమే.

"రాత్రి ఎవరో ఇద్దరు ఈ బండ కింద పెట్టి పోయారు. ఇంకో ఉచ్చు కూడా ఉంది. ఇసుక కప్పేశారు."

ఆమె టార్చ్ బండ మీదికి తిప్పింది.

ఇక్కడ నీటికుక్కలే లేవు! నిన్న అసలు బొరియ దగ్గరి పెంట, చేప పొలుసులతో సహా, తనే తెచ్చి ఈ బండ మీద ఒక్క కుప్పగా పెట్టింది. 'బొరియ ఇక్కడే' అని చూపించింది ఒక్కరికే. ముందు సొంతవాళ్ల మీద అనుమానం తీర్చేసుకుందామని!

"శభాష్! దొంగ దొరికాడే!"

వెనక మామయ్య. అమ్మకు తమ్ముడు. రేంజర్. ఆమెకు ఈ నదిని నేర్పినవాడు.

చేతిలో గన్!

"నిన్నెవరు పిలిచారు మామయ్యా?"

"తప్పుకో. పారిపోబోయాడు, కాల్చాను... అంతే రిపోర్టు."

ఆమె తప్పుకోదు.

"నీటికుక్కలు ఇంటిల్లిపాదీ రోజూ ఒక్కచోటే పెంట వేసి కుప్పలు కుప్పలు చేస్తాయని చెప్పింది నువ్వే కదా! మరి ఇక్కడ ఒక్క కుప్పే ఉందేమిటని చూసుకోలేదా?"

మామయ్య మొహం పాలిపోయింది.

"నువ్వు... పెట్టావా?"

గన్ ఆమె వైపు తిరిగింది! ఆమె ఒక అడుగు ముందుకేసింది. ఎత్తుకు పెంచిన మేనకోడలు... ఆయన ఒక అడుగు వెనక్కి. బండ వైపు.

తాత నోరు తెరిచాడు. ఆమె తాత చెయ్యి గట్టిగా నొక్కింది.

మాట్లాడకు!

దూరంగా, అసలు బొరియలోంచి, పిల్లల సన్నని కూత.

మామయ్య ఇంకో అడుగు వెనక్కి...

ఖట్!

ఇనప పళ్లు చీలమండలో దిగాయి. గన్ ఆకాశం వైపు లేచింది...

ఢాం!