తువ్వాలు కింద తొమ్మిది అంకెలు

"కంగ్రాట్స్ కిరీటీ! ఇన్నాళ్ళూ ఉత్త ఏజెంటువి. రేపట్నుంచి కమీషన్ ఏజెంటువి," అన్నారు సరోజినీదేవి.

విజయవాడలో మూతపడిన ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద ఉంది ఆ ఆఫీసు. బయట బోర్డు లేదు. లోపల ఫ్యానుంది, తిరగదు. సరోజినీదేవి మత్తుమందుల మీద నిఘా పెట్టే రహస్య దళానికి డిప్యూటీ డైరెక్టర్. నవ్వకుండా జోకులెయ్యడం ఆవిడ అలవాటు. వాటికి నవ్వడం నలభై ఏడేళ్ళ కిరీటి డ్యూటీ. నవ్వాడు.

ఆవిడ ఫైలు తెరిచారు. "ఆపరేషన్ రసాలు. టార్గెట్, మూన్‌బజార్. డార్క్‌నెట్‌లో మత్తుమందుల అంగడి. కస్టమర్లు నలభై వేలు. ఓనర్లు సముద్రం అవతల. సైటు కట్టినవాడూ నడిపేవాడూ మాత్రం మనవాడే. సైట్లో పేరు పైలట్. అసలు పేరు ప్రేమ్ కిరణ్, ఇరవై నాలుగేళ్ళు, ఊరు తిరువూరు. వాళ్ళ నాన్నకి అక్కడి మార్కెట్ యార్డులో మామిడి కొట్టుంది."

"ఎత్తుకొచ్చేద్దామా మేడమ్?"

"ఆగు. ఎల్లుండి గురువారం పొద్దున పదకొండున్నరకి సైటు మొత్తం, అమ్మేవాళ్ళ లిస్టుతో సహా, విదేశీ సర్వర్లలోకి దూకేస్తుంది. టైమర్ నడుస్తోంది. ఆపడానికి తొమ్మిదంకెల మాస్టర్ కీ కావాలి. దూకాక అక్కడ తాళం తియ్యడానికీ అదే. అది లేకపోతే వాళ్ళకి పగలగొట్టుకోడానికి రెండు నెలలు పడుతుంది, అంతే. ఆ కీ పైలట్ బుర్రలో తప్ప ఎక్కడా లేదు. గురువారం యార్డులో దాన్ని ఆ ఓనర్ల ముఠాకి అమ్ముతున్నాడు."

"ఫోన్లోనా?"

"వాళ్ళు ఫోన్‌ని నమ్మరు. కాగితాన్ని నమ్మరు. నోటినీ నమ్మరు. తువ్వాలు కింద, వేళ్ళతో చెబుతాడట."

కీ ఎంత కీలకమో కిరీటికి అర్థమైంది. మామిడి యార్డులో పాతకాలపు బేరగాళ్ళు ఇప్పటికీ అంతే. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. లోపల ఎన్ని వేళ్ళు పట్టుకుంటే ఆ అంకె. పక్కన నిలబడ్డవాడికి కూడా రేటు తెలియదు. ఏ శాటిలైటూ తువ్వాలు ఎత్తి చూడలేదు.

"మన షహనా నిన్నే ముఠా తరఫున కొనేవాడిగా తీసుకెళ్తుంది. తొమ్మిదీ చెప్పనియ్యి. అమ్మకం పూర్తయ్యాకే పట్టుకో. అప్పుడే కేసు బలంగా ఉంటుంది. నాజిమ్ కేసులో చేశావే, అలా."

కిరీటి ముఖంలో డ్యూటీ నవ్వు కూడా మిగల్లేదు.

నాలుగేళ్ళ కిందట నాజిమ్ అనే కుర్రాడు ఇలాంటిదే చిన్న సైటు నడిపాడు. కిరీటి తలుపు బయట నిలబడ్డాడు. అప్పుడే లోపలికి వెళ్ళొచ్చు. కేసు బలంగా ఉండాలని ఇంకో పది నిమిషాలు ఆగాడు. ఆ పది నిమిషాల్లో సైటుకి ఒక భారీ ఆర్డరు వచ్చింది, నాజిమ్ ఓకే నొక్కాడు. కోర్టు ఇరవై ఏళ్ళు వేసింది. నాజిమ్ లోపలికి వెళ్ళిన పదకొండో రోజున మూన్‌బజార్ తెరుచుకుంది.

"ఇరవై ఏళ్ళంటే మేడమ్..."

"వీధి చివర పొట్లాలమ్మేవాడికి పదిమంది కస్టమర్లు. వీడికి నలభై వేలు. కొట్టు పెద్దది, శిక్షా పెద్దది. నీకు శిక్షణ ఇచ్చింది పట్టుకోడానికి. శిక్ష సంగతి నీకెందుకు?"

తిరువూరు లాడ్జిలో దిగగానే కిరీటి డిటెక్టర్ తీసి గదిలో బగ్స్ ఉన్నాయేమో వెతికాడు. లేవంది డిటెక్టర్. మంచం మీద పడుకున్నాక దానికి దొరకనివి చాలానే కుట్టాయి. డార్క్‌నెట్ సంగతి తర్వాత, ముందు దోమల నెట్ ఇప్పించమని కింద కౌంటర్లో అడిగాడు.

అతనికి మూడుసార్లు పెళ్ళయింది. మూడూ డ్యూటీలోనే. ఆపరేషన్ అయిపోగానే పెళ్ళాలు తమ తమ ఆఫీసులకి తిరిగి వెళ్ళిపోయారు. ఒకామె పోతూ పోతూ ప్రెషర్ కుక్కర్ కూడా తీసుకుపోయింది, అది ప్రభుత్వానిదట. కిటికీలోంచి చూస్తే యార్డు నిండా మామిడి. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు. కలెక్టర్ని కిలోల లెక్కన అమ్మే ఊరు ఇది. ఇన్ని రసాల మధ్య కూర్చుని కిరీటి నోరు ఎండిపోయింది. ఈ ఊళ్ళో దిగినప్పట్నుంచి అతన్ని పేరుపెట్టి పిలిచింది సెల్‌ఫోన్ కంపెనీ ఒక్కటే, రీఛార్జి అయిపోవస్తోందని. అదీ దొంగ పేరుతోనే.

మర్నాడు విస్సన్నపేట వైపు నుంచి వచ్చిన షేర్ ఆటోలోంచి షహనా దిగింది. నల్లకళ్ళద్దాలు, నెమలికంఠం రంగు దుపట్టా. ఆటోలో మిగతా ఏడుగురూ దిగడం మర్చిపోయి ఆమె వైపే చూస్తున్నారు.

కిరీటి కోడ్ వాక్యం వదిలాడు. "కలెక్టరు పండిందా?"

"ఇంకా పచ్చిదే. పచ్చడికైతే పట్టుకెళ్ళండి," అంది ఆమె. కోడ్ కలిసింది, చూపులు కలవలేదు. షహనా ముఠాకి కొరియర్, దళానికి ఇన్‌ఫార్మర్, నాజిమ్‌కి అక్క. తమ్ముడి శిక్ష తగ్గించే ఆలోచన చేస్తామని దళం ఆమెతో అంటూనే ఉంది, నాలుగేళ్ళుగా.

ఖాళీ ట్రేల వెనక కూర్చోబెట్టి వేళ్ళ లెక్క నేర్పింది. ఒకటి నుంచి నాలుగు దాకా వేళ్ళు. అరచెయ్యి మొత్తం పట్టుకుంటే అయిదు. ఆ పైన అంకెలకి అరచెయ్యి పట్టి మళ్ళీ వేళ్ళు. సున్నాకి గోటితో గీత. మణికట్టు పట్టుకుంటే బేరం చెడిందని.

"ఏదీ, చెయ్యివ్వు, ప్రాక్టీసు చేస్తా," అన్నాడు కిరీటి.

"బాగుంది! నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? మీ చెయ్యి మీరే పట్టుకోండి."

తువ్వాలు కప్పుకుని కిరీటి తన చెయ్యి తనే పట్టుకుని అరగంట బేరమాడుకున్నాడు. రెండు చేతులూ తనవే అయినా బేరం కుదర్లేదు.

"కిరీటి గారూ, ఇరవై ఏళ్ళ కిందట మీరేం చేస్తున్నారో గుర్తుందా?" అడిగింది షహనా.

"ఉంది. ఇదే ఉద్యోగం. మొదటి పోస్టింగు."

"అప్పట్నుంచి ఇప్పటిదాకా ఎంతుందో, అంతా మా వాడికి లోపలే. వాడు చేసింది తప్పు కాదని నేననట్లేదు. ఎంత తప్పో ఎవరు కొలిచారండీ? మీరు తలుపు దగ్గర ఆగిన పది నిమిషాలే కొలిచాయి."

కిరీటి దగ్గర పిస్తోలుంది, బటన్ కెమెరా ఉంది, చెవిలో రేడియో ఉంది. మూడూ పనిచేస్తున్నాయో లేదో మళ్ళీ చూసుకున్నాడు.

గురువారం పది గంటలకి షహనా ప్రేమ్ కిరణ్ వాళ్ళ కొట్టు ముందు కాయలు ఏరుతున్న ఆవిడని గడ్డంతోనే చూపించింది. "మాణిక్యమ్మ. వినగడప మనిషి. కూతురు పూజిత హాస్టల్లో ఉండి, పరీక్షలకి నిద్ర రాకుండా మాత్రలు తెప్పించుకుంది. మూన్‌బజార్లోనే. ఫిబ్రవరిలో పోయింది."

"సైటు ఎవరిదో ఆవిడకి తెలుసా?"

"తెలీదు. ఆ పిల్ల ఎలా పోయిందో వాడికి తెలుసు."

కిరీటి కాయలు చూస్తున్నట్టు ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మాయి సంగతి విన్నానమ్మా. ఆ అమ్మినవాడు దొరికితే ఏం చెయ్యాలంటావు?"

"ఉరెయ్యాలి," అంది మాణిక్యమ్మ, చేతిలో కాయ తిప్పి చూస్తూ. ఇంకో కాయ తీసుకుని మళ్ళీ తనే అంది. "ముందొకడికి ఇరవయ్యేళ్ళేశారంట గదా బాబూ. మా పిల్లే పేపర్లో చదివి చెప్పింది. అదయ్యాకే గదా మళ్ళీ కొనుక్కుంది! కొట్టు మూయకుండా కొట్టువాణ్ణి మూస్తే ఏం లాభం? ఆ కాయ వదిలెయ్యండి, దెబ్బతింది."

పదకొండుంపావుకి ప్రేమ్ కిరణ్ వచ్చాడు. గళ్ళ చొక్కా, నెల రోజులుగా నిద్రలేని కళ్ళు. పది గజాల అవతల టీ బల్ల మీద మామిడి ఎక్స్‌పోర్టరు వేషంలో ఒక విదేశీయుడు కూర్చున్నాడు. గడ్డి టోపీ, ఒళ్ళో లాప్‌టాప్, పక్కన బరువైన సంచి. ముఠాలో అతని పేరు గోల్డ్. తువ్వాలు తీశాక అంకెలు చేరాల్సింది అతనికే.

"ఈయనే పార్టీ," అని షహనా పక్కకి తప్పుకుంది.

తువ్వాలు పడింది. రెండు చేతులు కలిశాయి.

"ఎండలెలా ఉన్నాయండీ మీ వైపు?" అన్నాడు ప్రేమ్ కిరణ్. నాలుగు వేళ్ళు.

"మాడ్చేస్తున్నాయి." కిరీటి గుర్తు పెట్టుకున్నాడు.

"ఈసారి కాపు తక్కువండి." గోటి గీత. సున్నా.

"మంచు కొట్టిందా?"

"తేనెమంచు పురుగండి." అరచెయ్యి, ఆపైన రెండు వేళ్ళు. ఏడు.

అంకెలతో పాటు ఇంకేదో కూడా చేరుతోంది కిరీటికి. తడి. వేడి. ఒక మనిషి చెయ్యి. ఇన్నేళ్ళలో అతను పట్టుకున్న చేతులన్నీ సంకెళ్ళు వెయ్యడానికి పట్టుకున్నవే. ఇంతసేపు ఎవరూ అతని చెయ్యి వదలకుండా ఉన్నది లేదు. ఈ కుర్రాడు పట్టుకున్న తీరు చూస్తే, వాడికీ ఎవరూ లేరనిపించింది.

ఎనిమిదో అంకె అందిందని గుర్తుగా కిరీటి దగ్గేసరికి పదకొండూ ఇరవయ్యారు. చెవిలో సరోజినీదేవి గొంతు: "గుడ్. ఇంకొక్కటి. తీసుకో, పట్టుకో."

కిరీటి ఎడంచేత్తో తువ్వాలు కొస తీసి చొక్కా బటన్ మీద గట్టిగా అదిమాడు. కెమెరాకి కళ్ళూ పోయాయి, చెవులూ పోయాయి. కుడిచేత్తో కుర్రాడి మణికట్టు పట్టుకున్నాడు.

"బాబూ, తొమ్మిదోది నాకమ్మొద్దు. నేను పోలీసుని. అమ్మితే నాజిమ్ పక్క సెల్లు నీది. నీ అంతట నువ్వే సైటు ఆపితే అప్రూవరయ్యే దారుంది. నాకు నాలుగు నిమిషాలే ఉంది. నీకు ఇరవయ్యేళ్ళుంది. ఆలోచించుకో."

కుర్రాడు పారిపోతే సైటు దూకేస్తుంది. అదీ కిరీటికి తెలుసు. అయినా మణికట్టు మీద పట్టు సడలించాడు.

ప్రేమ్ కిరణ్ ఉలిక్కిపడలేదు. "తెలుసండి."

"ఏం తెలుసు?"

"రెండో అంకెకే తెలిసింది. మా యార్డులో బేరగాళ్ళ చేతులు సొనకి పొక్కిపోయి గరుగ్గా ఉంటాయి. మీది మెత్తగా ఉంది. చూపుడువేలు మాత్రం కాయ కాసింది. అది మామిడికాయ కాదు గదండీ."

"తెలిసీ మిగతావి ఎందుకు చెప్పావ్?"

"ఎవరికో ఒకళ్ళకి చెప్పాలిగా సార్. పూజిత పోయినప్పుడే లొంగిపోదామని బట్టలు సర్దుకున్నా. నాజిమ్‌కి ఇరవై పడింది గుర్తొచ్చి, సంచి మళ్ళీ విప్పేశా. అయిదో పదో అయితే ఎప్పుడో వచ్చేవాణ్ణండి. రోజూ వాళ్ళమ్మ ముందునుంచే కొట్టుకి వస్తున్నా. ఎవడో తెలిస్తే ఉరెయ్యమనే చెప్తుంది."

"నీ ఫోను తియ్యి. కొట్టు."

టీ బల్ల దగ్గర గోల్డ్ లేచాడు. బేరం భాష అతనికి రాకపోవచ్చు, బటన్ మీద అదిమిన చెయ్యి ఏ దేశంలోనైనా ఒకటే భాష. సంచిలో చెయ్యి పెట్టాడు. షహనా నల్లకళ్ళద్దాలు సవరించుకుని, నిలువెత్తు ట్రేల దొంతరని భుజంతో ఒక్క తోపు తోసింది. నాలుగు క్వింటాళ్ళ కలెక్టర్లు ఒక్కసారిగా చర్య తీసుకున్నాయి. గోల్డ్ టోపీ మాత్రం పైకి కనపడింది.

పదకొండూ ఇరవై తొమ్మిది. ప్రేమ్ కిరణ్ ఎనిమిదంకెలు కొట్టాడు. చెల్లాచెదురైన కాయలు ఏరుకుంటూ మాణిక్యమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. కుర్రాడి బొటనవేలు గాలిలో ఆగిపోయింది. నలభై సెకన్లు. ముప్ఫై. పది. కిరీటి తొందరపెట్టలేదు. ఏ పది లెక్కపెట్టడమూ అతనికింత కష్టం కాలేదు.

తొమ్మిదో అంకె పడింది. ఇంకా రెండు సెకన్లున్నాయి. స్క్రీన్ నల్లబడింది.

"క్లోజ్డ్! మొత్తం లిస్టు మన చేతిలో ఉంది!" చెవిలో సరోజినీదేవి మొదటిసారి అరిచారు. మరుక్షణమే మామూలు గొంతు. "ఎనిమిదో అంకె తర్వాత ఆడియో ఏమైంది?"

"తువ్వాలు అడ్డొచ్చింది మేడమ్."

"అబ్బాయిగారిని పట్టుకున్నారేంటండీ?" అంది మాణిక్యమ్మ.

చెప్పాల్సినవాడే చెప్పాడు. "ఆ సైటు నాదేనమ్మా. పూజిత కొన్నది. ఇప్పుడు మూసేశాను."

ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. చాలాసేపు వాడి చేతుల వంకే చూసింది. "ఫిబ్రవరిలో మూయాల్సింది," అని, ట్రే ఎత్తుకుని షెడ్డు అవతలి వైపుకి వెళ్ళిపోయింది.

తువ్వాలు కింద ఏం జరిగిందో చెప్పగల సాక్షి ఒక్క కిరీటే. అమ్ముతుండగా దొరికాడని రాస్తే పతకం. తనే బేరం ఆపాననీ, తను పోలీసని తెలిసి కూడా కుర్రాడే సైటు మూశాడనీ రాస్తే ఎంక్వైరీ. నిజమే రాశాడు. కాగితంలో ఇంకా చోటు మిగిలితే, నాజిమ్ తలుపు బయట ఆగిన పది నిమిషాలు కూడా రాసేశాడు. సరోజినీదేవి చదివి, ఒక్క జోకూ వెయ్యకుండా అతన్ని సెలవు మీద పంపారు.

నాలుగు నెలలకి కోర్టు ప్రేమ్ కిరణ్‌ని అప్రూవరుగా ఒప్పుకుంది. కేసు తేలేదాకా లోపలే. తేలాక బయటికి వస్తాడు, ముసలివాడు కాకముందే. అది ఎక్కువో తక్కువో మాణిక్యమ్మని అడగడానికి కిరీటికి ధైర్యం చాల్లేదు. నాజిమ్ అప్పీలు మాత్రం కదిలింది, కిరీటి రాసిన పది నిమిషాల పుణ్యమా అని.

ఒక శనివారం షహనా వెంట అతను జైలుకి వెళ్ళాడు. గేటు దగ్గర కానిస్టేబుల్ ములాఖత్ ఫారం చేతికిచ్చాడు. షహనా చకచకా 'అక్క' అని రాసి లోపలికి వెళ్ళింది. కిరీటి కలం ఆగిపోయింది.

"ఖైదీకి మీరేమవుతారండీ?" అడిగాడు కానిస్టేబుల్.

"కారణం అవుతాను."

"ఆ చుట్టరికం మా లిస్టులో లేదండి. 'ఇతరులు' దగ్గర టిక్కు పెట్టెయ్యండి."

కిరీటి టిక్కు పెట్టాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో అతను నింపిన ఫారాలన్నిటిలో అబద్ధం లేనిది అదొక్కటే.