గాజుపెట్టెలో మూడో చెయ్యి

ఆ ప్రయోగశాలలో ఒక గాజుపెట్టె ఉంది. చేపల తొట్టి లాంటిదే అనుకోండి, నీళ్లకు బదులు ఆర్గాన్ వాయువు ఉంటుంది. గాలి సోకితే నల్లబడే లోహపు రేకుతో గుండీ బ్యాటరీలు చేయాలంటే అది ఉండాల్సిందే. చేతులు దూర్చడానికి నల్లటి రబ్బరు తొడుగులు రెండు జతలు, పక్కపక్కన ఇద్దరు కూర్చునేలా. లోపలి వాయువు తోస్తుంది కాబట్టి, ఎవరూ వాడనప్పుడు అవి గదిలోకి పొడుచుకొచ్చి నిలబడతాయి. చెయ్యి దూరిస్తేనే లోపలికి వెళతాయి. ఇది గుర్తుంచుకోండి.

పరిశోధన చేసే పిల్లల్లో విసుగు తీర్చుకునే దారి ఒక్కొక్కరిది ఒక్కోటి. ఒకడు మైదానం చుట్టూ పరుగెత్తేవాడు. ఒకమ్మాయి బల్ల కింద దూరి నిద్రపోయేది. చదువు ఎంతకీ తెమలక అందరూ ‘తాత’ అని ఏడిపించే సీనియరు మాత్రం, నుదుటికి తలనొప్పి మందు దట్టంగా రాసుకుని, తొడుగుల్లో చేతులు పెట్టి పిడికిళ్లు బిగించేవాడు.

“గైడు మీద అరిచేకంటే ఇది నయం కదే పిచ్చుకా! కోపమంతా పెట్టెలోకి పోతుంది,” అని తన జూనియరుకీ నేర్పాడు. ఆమె బక్కపలచగా ఉంటుందని ఆ పేరు పెట్టిందీ అతనే. ఇంటికి పోదాం రమ్మంటే అతనిది ఒకటే మాట: “మీరు పదండి. ఇదొక్కటీ చేసేసి వస్తా.”

ఆ మాట అన్నాకే, ఆ స్టూలు మీదే, పోయిన వేసవిలో అతని గుండె ఆగింది. తొడుగుల్లోంచి చేతులు తీయడానికి చాలాసేపు పట్టిందట.

ఇవాళ సెలవు. మధ్యాహ్నం పిచ్చుక ఒక్కతే పెట్టె ముందు కూర్చుంది. ‘రేపటికి పనిచేసే బ్యాటరీ ఒక్కటైనా చూపించు, లేదంటే నీ పని ఇంకొకరికిస్తా’ అన్నాడు గైడు. ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. ఇంతలో అమ్మ ఫోను.

“అది చదువా, హనుమంతుడి తోకా? భోంచేశావా అసలు?”

“అబ్బా, పెట్టెయ్యమ్మా! ఇదొక్కటీ చేసేసి...”

నోట్లోంచి వచ్చిన మాట తనకే వింతగా తోచింది.

మిగిలింది ఒక్క రేకు. చేతులు వణుకుతున్నాయి. మూత జారింది. మళ్లీ జారింది. ఒళ్లు మండి, తొడుగుల్లోనే పిడికిళ్లు బిగించింది.

కరెంటు పోయింది.

కిటికీలు లేని గది. పంపు చప్పుడు ఆగిపోయింది. పెట్టె మీద, బ్యాటరీతో వెలిగే పచ్చదీపం ఒక్కటే మిణుకుమంటోంది. రబ్బరు వాసన... దాని వెనకే తలనొప్పి మందు ఘాటు.

సర్ర్...

పక్క తొడుగు లోపలికి వెళుతోంది. నెమ్మదిగా. ఒక్కో వేలూ నిండుతోంది. పక్క స్టూలు మీద ఎవరూ లేరు.

ఆ చెయ్యి రేకును కదలకుండా పట్టుకుంది.

“వణక్కు... మూత పెట్టు...”

పెట్టింది! ఎందుకంటారా? భయం కంటే ఆ బ్యాటరీ అవసరమే పెద్దది. మూత బిగిసింది. చేతులు వెనక్కి లాక్కోబోయింది.

మణికట్టు దొరికిపోయింది.

“అన్నా...” తాతా అనడానికి నోరు రాలేదు. “వదులన్నా...”

“ఇంకొక్కటి...”

దీపాలు వెలిగాయి. పట్టు సడలింది. పక్క తొడుగు బయటికొచ్చి ఊగుతోంది.

మర్నాడు బ్యాటరీ చక్కగా పనిచేసింది. గైడు ముఖం వెలిగిపోయింది.

“బ్రహ్మాండం! ఇలాంటివే ఇంకో పది చెయ్యి.”

పిచ్చుకకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పరుగుల కుర్రాణ్ణి తోడు పిలిచి గది తలుపు తెరిచింది. పక్క జత తొడుగులు మామూలుగానే బయటికి పొడుచుకుని ఉన్నాయి. ‘హమ్మయ్య’ అనుకుంది.

“ఎవరో పని మధ్యలో ఉన్నట్టున్నారే?” అన్నాడు కుర్రాడు.

పిచ్చుక తన జత వైపు చూసింది. అవి లోపల ఉన్నాయి.

పిడికిళ్లు బిగించి.