గేటు దగ్గర రెండు హారన్లు

ఉదయం 11:12.

కౌంటీ రోడ్డు పక్కన పాత నీలం కారు. బానెట్ పైకి లేచి ఉంది. డ్రైవర్ తలుపు బార్లా తెరిచి ఉంది. తాళంచెవి ఇగ్నిషన్‌లోనే వేలాడుతోంది.

మనిషి లేడు.

డిటెక్టివ్ యొలాండా టఫోయా జీపు దిగింది. అరిజోనా ఎడారిలో జూలై ఎండ. జీపులోని థర్మామీటర్ నూట పదిహేను ఫారెన్‌హీట్, అంటే నలభై ఆరు సెల్సియస్, చూపిస్తోంది. ఆ ఎండలో డెబ్బై ఒక్కేళ్ళ హార్లన్ ప్రూయిట్ ఎంతసేపు ప్రాణాలతో ఉంటాడో ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టగలదు. పోయిన జూలైలో ఇలాంటి రోడ్డు మీదే ఒక ట్రక్కు డ్రైవర్ కోసం వెతికింది. దొరికాడు. నలభై నిమిషాలు ఆలస్యంగా.

అందుకే ఇప్పుడు ఆమెకు చచ్చేంత భయంగా ఉంది. పైకి కనబడనివ్వడం లేదు, అంతే.

డిక్కీ తెరిచింది. నాలుగు క్యాన్ల నీళ్ళు. ఒక్కదానికీ మూత తియ్యలేదు.

"నీళ్ళు వదిలేసి నడిచాడా?"

"ఎండదెబ్బ తగిలితే బుర్ర పనిచెయ్యదు కదా యొలాండా," అన్నాడు డెప్యూటీ గస్. యాభై దాటిన మనిషి, పదేళ్ళుగా ఆమె పక్కనే పనిచేస్తున్నాడు. "రేడియేటర్ ఫ్యాను పోయినట్టుంది. మొన్న ఆదివారం చర్చి దగ్గర ఊరందరికీ చెప్పుకున్నాడుగా, సిగ్నల్ దగ్గర ఆగితే చాలు టెంపరేచర్ ముల్లు పైకి పోతోందని. ఇంజను కాగిపోయుంటుంది. సాయం కోసం నడిచుంటాడు."

"నేనూ అదే అనుకుంటున్నా మేడం."

ఆ మాటన్నది రాయిస్ డన్‌లప్. మైలున్నర అవతల అతనికి ఇల్లు, వెల్డింగ్ షెడ్డు ఉన్నాయి. పోలీసుల కంటే ముందే పికప్ వేసుకుని వచ్చి నిలబడ్డాడు. మెడ ఎర్రగా కందిపోయింది.

యొలాండా నోట్‌బుక్ తీసింది.

"హార్లన్ మీ ఇంటికి ఎన్నింటికి వచ్చాడు?"

"ఎనిమిదింపావుకి."

"ఎందుకు?"

"ఆయన మల్టీమీటర్ నా దగ్గర ఉండిపోయింది. కరెంటు కొలిచే మీటరు. అది తీసుకోడానికి."

"వెళ్ళిందెప్పుడు?"

"ఎనిమిదిన్నరకి."

"వెళ్ళడం చూశారా?"

"షెడ్డులో ఉన్నా. కానీ విన్నా మేడం. గేటు దాటుతూ రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎప్పుడూ కొట్టేదేగా."

అది నిజమే. ఆ చుట్టుపక్కల ఎవరింటి నుంచి బయల్దేరినా గేటు దగ్గర రెండుసార్లు హారన్ కొట్టాల్సిందే. కొట్టకుండా వెళ్తే కోపమొచ్చిందేమో అనుకుంటారు. యొలాండా రాసుకుంది.

"ఎటు నడిచుంటాడు?"

"తూర్పుకి. హైవే అటే కదా."

11:20కి సెర్చ్ టీమ్ తూర్పుకి కదిలింది. హెలికాప్టర్ కూడా అటే వెళ్ళింది. ఆ ఆర్డర్ ఇచ్చింది యొలాండానే. ఇచ్చిన క్షణం నుంచి మండే రోడ్డు మీద ముసలాయన బోర్లా పడి ఉన్నట్టు పదే పదే కళ్ళముందు మెదిలింది. రాయిస్ వెళ్ళి తన పికప్‌లో అద్దాలెత్తి, ఏసీ వేసుకుని కూర్చున్నాడు.

11:31. ఇంకో పికప్ దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. హార్లన్ భార్య బెర్నడీన్. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. చిన్నప్పుడు యొలాండాని రోజూ బడికి దింపింది ఆవిడే.

"అమ్మాయ్, ఏడే మా ఆయన?"

"వెతుకుతున్నాం. బండి ఫ్యాను పనిచెయ్యక ఇంజను కాగి…"

"ఫ్యానా? అది నిన్న సాయంత్రమే బాగుచేశాడు కదా!"

యొలాండా చేతిలోని పెన్ను ఆగిపోయింది.

"బాగుచేశాడా? ఏం చేశాడు? ఒక్కొక్కటే చెప్పండి."

"నా వంట చల్లారబెట్టాడు, ఇంకేం చేస్తాడు! ఏసీ వేస్తే ఫ్యాను తిరగాలట. తిరగలేదు. ఫ్యూజు పీకి చూశాడు, బాగానే ఉంది. బ్యాటరీ నుంచి రెండు తీగలు లాగి నేరుగా ఫ్యాను మోటారుకి తగిలించాడు. గిర్రున తిరిగింది. 'మోటారు బతికే ఉంది బెర్నీ, పోయింది మధ్యలో కరెంటు అందించే స్విచ్చి, రిలే' అన్నాడు. పక్కనే అచ్చం అలాంటిదే హారన్ రిలే ఉంటే, పీకి ఫ్యాను సాకెట్లో గుచ్చాడు. అంతే, ఫ్యాను తిరిగింది. కొత్తది కొనుక్కురమ్మని పాతది నాకిచ్చాడు. ఇదిగో."

బొటనవేలంత నల్లటి డబ్బీ. ఒక మూల కరిగిపోయి ఉంది.

"ఫ్యాను తిరుగుతుంటే మీటరెందుకు?"

"రిలే ఊరికే కాలదట. ఎందుకు కాలిందో కొలిస్తేగానీ ఆయనకి నిద్ర పట్టదు. ఆయన సంగతి నీకు తెలీదా ఏంటే!" అంటూనే ఆవిడ రోడ్డుకి రెండు వైపులా చూసింది. "పది దాటినా రాకపోయేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. మీకు ఫోన్ చేశా."

రేడియో గరగరలాడింది. తూర్పున నాలుగు మైళ్ళు వెతికారు. ఎవరూ కనబడలేదు.

యొలాండా బానెట్ కింద ఫ్యూజు పెట్టె మూత తీసింది. ఫ్యాను సాకెట్లో రిలే ఉంది. పక్కన, హారన్ సాకెట్ ఖాళీ. ఇంజనుని చల్లబరిచే కూలెంట్ సీసా చూసింది. నిండుగా, గీత దాకా ఉంది. కాగి పొంగిన మరక ఒక్కటీ లేదు. ఇంతసేపూ అది కళ్ళముందే ఉంది. భయంలో పడి చూడనే లేదు.

కారులో కూర్చుని తాళం తిప్పింది. ఏసీ వేసింది. బుర్రుమంటూ ఫ్యాను అందుకుంది. ఒక నిమిషం. రెండు. మూడు. ముల్లు మధ్యలోంచి కదల్లేదు.

ఈ బండి ఆగిపోలేదు. ఎవరో తెచ్చి ఇక్కడ ఆపారు. ఆపినవాడికి ఫ్యాను పాడైందని తెలుసు. బాగైందని తెలియదు.

ఇక రెండో సంగతి తట్టింది. గొంతు మామూలుగా ఉంచడానికి నానా తంటాలు పడింది.

"రాయిస్ గారూ, ఇలా వచ్చి ఒకసారి గట్టిగా హారన్ కొట్టండి. ఈ చుట్టుపక్కలే ఉంటే హార్లన్‌కి వినబడుతుంది."

రాయిస్ పికప్ దిగి వచ్చాడు. స్టీరింగ్ మధ్యలో నొక్కాడు.

చప్పుడు లేదు.

మళ్ళీ నొక్కాడు. పిడికిలితో గుద్దాడు. లేదు.

"నిన్న సాయంత్రం నుంచి ఈ బండికి హారన్ లేదు రాయిస్. ఆ రిలే ఫ్యాను తిప్పుతోంది." యొలాండా అతని కళ్ళలోకి చూసింది. "పొద్దున మీ గేటు దగ్గర రెండుసార్లు మోగిందేంటి?"

"అంటే… రోజూ వినేదే కదా… అలవాటుగా…"

"మెడ ఎందుకలా కందింది? మైలున్నర ఎండలో నడిచి ఇంటికి పోయారా?"

రాయిస్ చెయ్యి మెడ మీదికి పోయింది.

"హార్లన్ మీ గేటు దాటలేదు. ఎక్కడున్నాడు?"

బెర్నడీన్ ముందుకొచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"కంటెయినర్! షెడ్డు వెనకున్న ఇనప కంటెయినర్! పోయిన నెల కొత్త తాళం వేశాడు. ఎప్పుడూ లేంది ఇప్పుడెందుకా అనుకున్నా. ఒరేయ్, అందులో పెట్టావా మా ఆయన్ని?"

రాయిస్ ఆవిడ చేతులు విడిపించుకోబోయి ఆగాడు.

"చంపాలనుకోలేదు… పొద్దున తాళం వెయ్యడం మర్చిపోయా. మీటరు వెతుకుతూ తలుపు తీశాడు, రాగి తీగ చూశాడు. తోసి తాళం వేశా. సాయంత్రానికి సరుకు మార్చేసి వదిలేద్దామనే…"

రెండు నెలలుగా కౌంటీలో పొలాల పంపుల దగ్గర రాగి తీగ కోసుకుపోతున్న దొంగ ఎవరో తేలిపోయింది. ఆ క్షణంలో యొలాండాకి అదేమీ పట్టలేదు.

"సాయంత్రానికా? ఈ ఎండలో? ఇనప పెట్టెలో?" అని అరిచింది. "తాళంచెవి ఇయ్యి!"

11:49. గస్ రాయిస్‌కి బేడీలు వేశాడు. అంబులెన్సుకి కబురు వెళ్ళింది. జీపు అదే పనిగా గతుకుల్లో ఎగిరింది. పక్కసీట్లో బెర్నడీన్ ఏడవడం లేదు. "త్వరగా పోనియ్యవే" అంటూనే ఉంది. మూడున్నర గంటలు, అని యొలాండా మనసులో లెక్కపెట్టింది. మూడున్నర గంటలు.

11:53. కంటెయినర్ తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. లోపల నిశ్శబ్దం. తాళంచెవి మొదటిసారి దూరలేదు. యొలాండా తిప్పి మళ్ళీ దూర్చింది.

తలుపు తెరిస్తే వేడి ముఖాన కొట్టింది. రాగి చుట్టలు. వాటి వెనక, మూలన, నేల మీద హార్లన్. తుప్పు పట్టి చిల్లుపడ్డ చోట నోరు ఆనించి పడుకున్నాడు. చేతిలో మీటరు పగిలి ముక్కలై ఉంది. గోడంతా దాంతో బాదిన గుర్తులు.

యొలాండా మెడ దగ్గర వేలు పెట్టింది. ఏమీ తెలియలేదు. పోయాడు, మళ్ళీ ఆలస్యమైంది, అనుకుంది. వేలు కాస్త పక్కకి జరిపింది.

కొట్టుకుంటోంది. సన్నగా, గబగబా.

ఇద్దరూ కలిసి నీడలోకి లాగారు. మెడ మీద, చంకల్లో జీపులో తెచ్చిన ఐసు పెట్టారు. చాలాసేపటికి హార్లన్ పెదాలు కదిలాయి.

"బెర్నీ… మీటరు పగిలిపోయింది."

"పగలనీ," అంది బెర్నడీన్. అప్పుడు ఏడ్చింది.

పదకొండు రోజుల తర్వాత, మధ్యాహ్నం మూడింటికి హార్లన్ స్టేట్‌మెంట్ ఇవ్వడానికి షెరీఫ్ ఆఫీసుకి వచ్చాడు. చిక్కిపోయాడు. గొంతు మాత్రం తగ్గలేదు.

"రిలే ఎందుకు కాలిందో తెలిసిందే అమ్మాయ్. ఫ్యాను మోటారు బేరింగ్ బిగుసుకుపోయి కరెంటు ఎక్కువ లాగుతోంది. మోటారు మార్చేశా. రెండు రిలేలూ కొత్తవే."

"సంతోషం. ఇక కాస్త విశ్రాంతి తీసుకోండి."

"తీసుకుంటా. నిన్నొకటి అడగనా? ఆ హారన్ గురించి వాడు నోరు జారకపోతే?"

ఆ ప్రశ్నతోనే యొలాండాకు రోజూ తెల్లవారుజామున మెలకువ వస్తోంది.

హార్లన్ ఆమె భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆమె రిపోర్టు ముందు కూర్చుంది. బయట కారు స్టార్టయింది. గేటు దాకా వెళ్ళింది.

రెండుసార్లు హారన్ మోగింది.

యొలాండా పెన్ను కింద పెట్టి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని, ఆ పదకొండు రోజుల ఏడుపూ ఏడ్చేసింది.