జడ్సన్ పెంచిన స్పీడు

"ఈ కంప్యూటర్లను పాతసామాన్లవాడికి వేసేయాలా, వద్దా? ఒక్క మాటలో చెప్పండి" అంది అబిగయీలు, వచ్చినవాడి మొహం కూడా చూడకుండా.

"వెయ్యబాకండి. ఇంకా ప్రాణం ఉండాది" అన్నాడు నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్ జడ్సన్.

తోటపల్లి గూడూరులో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్ అది. కంప్యూటర్లను ఉప్పుగాలి సగం తినేసింది. పరీక్షల సాఫ్ట్‌వేరేమో పాత విండోస్‌లో తప్ప నడవనని మొండికేసింది. శనివారంలోగా బాగుపడకపోతే ల్యాబ్ ఎత్తేసి ఆమెను భీమవరంలోని తన ఇంకో ల్యాబ్‌కు పంపుతానని ఓనరు నరేంద్రబాబు చెప్పేశాడు. తెరిచిన రోజు నుంచి తను నడిపిన ల్యాబ్‌ను వదిలి వెళ్లడం అబిగయీలుకు బొత్తిగా ఇష్టం లేదు.

జడ్సన్ ఉన్నవాటిలో గట్టిదాన్ని ఎంచి, మెమరీ పెంచి, దాని లోపలే పాత విండోస్‌తో ఇంకో కంప్యూటర్‌ను తయారుచేశాడు.

"కంప్యూటర్ లోపల కంప్యూటరా? ఎవరికి చెబుతా ఉండారు?"

"వర్చువల్ మెషీన్ అంటారండీ. ఇల్లు ఒకటే, అందులో ఒకరు అద్దెకుంటారు, అంతే."

అబిగయీలుకు నవ్వొచ్చింది గానీ, బయటికి రానివ్వలేదు.

శనివారం నరేంద్రబాబు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రైతులు నీళ్ల సీసాలతో నిలబడ్డారు. కంప్యూటర్ పరుగందుకుంది. రిజల్ట్ రాబోతుండగా ఠక్కున ఆగిపోయింది.

అబిగయీలు పెట్టె మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

"ఏం చేసినారు దీన్ని?"

"ఓవర్‌క్లాక్ చేసినా. ఉండే స్పీడు కన్నా ఇంకా పెంచినా."

"ఎవరడిగినారు?"

"ఎవురూ అడగలా." జడ్సన్ తలొంచుకున్నాడు. "మొన్న మీరు నవ్వు ఆపుకున్నారు. ఈ స్పీడు చూస్తే నవ్వేస్తారేమోనని..."

రైతులంతా విన్నారు. నరేంద్రబాబు దగ్గాడు. అబిగయీలుకు కోపం వచ్చింది, కానీ సగంలోనే చల్లారింది.

"పరిగెత్తించబాకండి. నడిస్తే చాలు" అంటూ తన టేబుల్ ఫ్యాన్‌ను కంప్యూటర్ వైపు తిప్పింది.

జడ్సన్ స్పీడును మామూలుకు దించాడు. రిజల్ట్‌లు నింపాదిగా ఒక్కొక్కటే వచ్చాయి.

"ల్యాబ్ ఇక్కడే ఉంటుందిలేమ్మా. ఇంకో ఫ్యాన్ తెప్పించుకో" అని నరేంద్రబాబు వెళ్లిపోయాడు.

రైతులూ వెళ్లాక జడ్సన్ స్క్రూడ్రైవర్లు సర్దుకున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"ఇంక నాకిక్కడ పనేం లేదండీ."

"ఆదివారం ఆరాధన అయినాక మా ఇంటికి రండి. అమ్మకు చెప్పి ఉంచుతా."

"ఏమని?"

"కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి, స్పీడు కొంచెం ఎక్కువని."

అబిగయీలు ఫ్యాన్‌ను అతని వైపు తిప్పింది. ఈసారి నవ్వు ఆపుకోలేదు.