మిల్లు దారిలో తలలేనిది

చీకటి పడ్డాక ఆ పాత ధాన్యం మిల్లు వైపు ఎవరూ వెళ్ళరు.

మెకాంగ్ నది ఒడ్డున, మూతపడిన పడవల రేవు పక్కనే ఉంటుంది. పైరేకులు సగం ఎగిరిపోయాయి. గోడలకి తీగలు పాకాయి. పగటిపూట గేదెలు దాని నీడన పడుకుని నెమరేస్తాయి. పొద్దు వాలిందా... ఇక అటు కన్నెత్తి చూసేవాడు లేడు. పూటుగా తాగినవాడు సైతం అక్కడికొచ్చేసరికి మత్తు దిగిపోయి చుట్టుదారి పడతాడు. ఊరి కుక్కలైతే ఆ మలుపు దగ్గరే ఆగి, తోకలు ముడుచుకుని వెనక్కొచ్చేస్తాయి.

దానికితోడు రెండు రాత్రులుగా కొత్త భయం మొదలైంది. తల లేని తెల్లటిదేదో మిల్లు చుట్టూ తిరుగుతోందట. మొండెం ఒక్కటే... ఊఁ... ఊఁ... అని మూలుగుతుందట. ఉండుండి గోడకి ఠక్కున కొట్టుకుంటుందట. ఐసు అమ్మే సీతోన్ కళ్ళారా చూసి, బండి అక్కడే వదిలేసి ఇంటికొచ్చి జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నాడు.

సరిగ్గా అలాంటప్పుడే లమ్యై ఆ ఊళ్ళో దిగింది.

లమ్యైది సరిహద్దు అవతల, థాయ్‌లాండ్‌లోని ఉబోన్. అక్కడి చేపల బజారులో ఆమె కేకేస్తే చివరి కొట్టుదాకా వినబడుతుంది. దొంగ తూకం వేసినవాడి చెవి పట్టుకుని బజారంతా తిప్పిన మనిషి. దెయ్యాలన్నా, పాములన్నా, పోలీసులన్నా ఆమెకి లెక్కలేదు.

కుక్కలంటే మాత్రం ప్రాణం పోతుంది.

చిన్నప్పుడు ఒక కుక్క పిక్క పట్టుకుంది. ఆ తర్వాత బొడ్డు చుట్టూ పొడిచిన సూదులు కుక్కకంటే ఎక్కువ బాధపెట్టాయి. నలభై దాటినా ఆ భయం పోలేదు. సొంత ఊళ్ళో ఫరవాలేదు... ఏ కుక్క ఏ సందులో పడుకుంటుందో, ఏది ఉత్తినే మొరుగుతుందో, ఏది నిజంగా కరుస్తుందో ఆమెకి కంఠతా వచ్చు. అందుకే జన్మలో ఊరు దాటలేదు. పరాయి దేశంలో కుక్కల సంగతి ఎవర్ని అడగాలి?

కానీ ఈ ఊరి కోడలైన పాత నేస్తం ఖమ్‌పేంగ్ పిలిచాక కాదనలేకపోయింది. ఖమ్‌పేంగ్ పెళ్ళికి ముందు లమ్యై కొట్లోనే చేపలు కోసింది, ఆమె గదిలోనే పడుకుంది. ఇప్పుడు మొదటి మనవరాలు పుట్టింది. చంటిదాని చేతికి దారాలు కట్టే వేడుక. "నువ్వొచ్చేదాకా ఒక్క దారం కూడా కట్టనివ్వను, ఎంత రాత్రైనా సరే" అని ఒట్టు పెట్టింది.

ఇంటినిండా చుట్టాలే కాబట్టి లమ్యైకి నది ఒడ్డున మనీవన్ అనే ఆమె నడిపే బసలో గది చూశారు. సాయంత్రం ఖమ్‌పేంగ్ కొడుకు బండి మీద వచ్చి తీసుకెళ్ళాలి. చీకటి పడింది. కొడుకు రాలేదు. లమ్యై ఫోను సరిహద్దు దాటగానే మూగబోయింది.

"ఎంత దూరమేంటక్కా, ఈ సందు చివరే" అంది మనీవన్. "నడిచెళ్ళిపో."

లమ్యై, తమ వైపు ఆడవాళ్ళు కట్టే కొత్త పట్టు లుంగీ సర్దుకుని బయల్దేరింది. బయల్దేరినంతసేపు పట్టలేదు, తిరిగొచ్చింది... చెప్పులు చేతిలో ఉన్నాయి.

"ఏమైందక్కా?"

"సందులో... సందంతా కుక్కలే!"

మనీవన్ పకపకా నవ్వింది. "అవా? అవేం చేస్తాయి? ఓ రాయి తీస్తే పోతాయి."

"నువ్వు తియ్యి రాయి. నేను తియ్యను. ఇంకో దారి లేదా?"

మనీవన్ నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించింది. "ఉంది గానీ... మిల్లు దారి. అటు ఎవరూ వెళ్ళరక్కా." తల లేనిదాని సంగతి గుసగుసగా అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ తన చేతులు తనే రుద్దుకుంది.

లమ్యై ఓపిగ్గా విని, ఒకే ఒక్క మాట అడిగింది.

"అటు కుక్కలుంటాయా?"

"కుక్కలా? ఒక్కటీ పోదు."

"ఆ మాట ముందే చెప్పొద్దూ!" అని లమ్యై చెప్పులు తొడుక్కుని మిల్లు దారి పట్టింది.

ఇళ్ళు వెనకబడ్డాయి. దీపాలూ వెనకబడ్డాయి. నది మీంచి చల్లగాలి వీస్తోంది. ఎక్కడా మొరుగుడు లేదు, ఆహా, ఏం హాయి! ఫోను దీపం వెలిగించుకుని, సన్నగా పాట కూనిరాగం తీస్తూ నడిచింది.

మలుపు తిరిగింది. ఎదురుగా మిల్లు... నల్లగా, నోరు తెరుచుకున్నట్టు.

ఊఁ...

పాట ఆగింది.

ఊఁ... ఊఁ... ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టుంది. తర్వాత గోడ మీద — ఠక్!

"ఏయ్, ఎవరది?" అంది లమ్యై, బజారు గొంతుతో. "దెయ్యానివా? అయితే కాస్త పక్కకి జరుగు. నాకు ఆలస్యమవుతోంది."

చీకట్లోంచి అది వచ్చింది. తెల్లగా, వంకరటింకరగా... నాలుగడుగులు వేసి ఆగింది. లమ్యై దీపం ఎత్తి చూసింది. భుజాల దాకా ఉంది. ఆ పైన... ఏమీ లేదు. తల ఉండాల్సిన చోట నల్లటి చీకటి.

"పాపం, తల ఎవరు తీసేశారమ్మా నీకు?" అంది లమ్యై. నిజంగానే జాలేసింది.

ఆ మాటకి అది ఆమె వైపు తిరిగింది. తిరిగి... వెనకవైపు ఏదో ఆడించింది.

తోక.

దెయ్యానికి తోకేమిటి? కాళ్ళు లెక్కపెట్టింది... నాలుగు.

"బాబోయ్! కుక్క!"

ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు... బస్తాలు దించే అరుగు మీద ఉంది. ఫోను ఎక్కడో పడి ఆరిపోయింది. చిమ్మచీకటి. కింద ఊఁ... ఊఁ...

అంతలో పక్కనే చిన్న వెలుగు. అరుగు చివర, కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని, ఒళ్ళో లాంతరుతో ఓ ముసలమ్మ.

"కుక్కేనా తల్లీ?" అని గుసగుసలాడింది ముసలమ్మ.

"కుక్కే అవ్వా."

"నిజం చెప్పు."

"తోక చూశాను."

"అయ్యో... రెండు రోజులనుంచి ఇక్కడే తిరుగుతోంది. నేను కాలు కింద పెట్టలేదు." ముసలమ్మ లాంతరు గుండెకి హత్తుకుంది. "నాకు కుక్కలంటే చచ్చే భయం."

"నాకూ అంతే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంత పెద్ద లోకంలో తనలాంటిది ఇంకొకతె దొరికినందుకు లమ్యైకి ఆ భయంలోనూ నవ్వొచ్చింది.

"నిన్నెక్కడ కరిచింది?" అనడిగింది ముసలమ్మ.

"పిక్క మీద. నిన్ను?"

"చెప్పుకోలేని చోట."

ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వారు, కింద ఉన్నదానికి వినబడకుండా. లాంతరు వెలుగు అరుగు కిందకి పడింది. అప్పుడు కనబడింది అసలు సంగతి. కుక్క తల ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బాలో ఇరుక్కుపోయింది. వాసన కూడా తగిలింది... నిలవ చేపల డబ్బా. అడుగున మిగిలింది నాకుదామని మూతి దూర్చి ఉంటుంది. కళ్ళు కనబడక, వాసన తెలీక, ఏ కుక్కా రాని ఈ చోటికి దారితప్పి వచ్చింది.

కుక్క మరో రెండడుగులు వేసింది. కాళ్ళు తడబడ్డాయి. కూలబడింది. మూలుగు కూడా సన్నబడింది.

"ఊపిరి ఆడట్లేదు దానికి" అంది లమ్యై.

"తెలుస్తూనే ఉంది."

"ఎవరైనా ఆ డబ్బా లాగాలి."

"లాగాలి" అని ముసలమ్మ ఇంకాస్త వెనక్కి జరిగింది. "నువ్వు చిన్నదానివి."

"నువ్వు ఈ ఊరిదానివి. కుక్క మీ ఊరిది."

"నేను లాంతరు పట్టుకుంటాను... చేతులు ఖాళీ లేవు కదమ్మా."

కుక్క డొక్కలు ఎగిసిపడుతున్నాయి. ఒక్కో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. ఇక్కడికి ఇంకెవరూ రారు. ఆ సంగతి లమ్యైకి బాగా తెలుసు, ఎవరూ రారనే కదా తను ఈ దారిన వచ్చింది!

దిగింది. "అమ్మా తల్లీ, కరవకు... నీకు దండం పెడతాను, కరవకు..." అంటూ, ఒక్కో వేలూ ఆనిస్తూ డబ్బా పట్టుకుంది. లాగింది. రాలేదు. కుక్క కెవ్వుమంది. లమ్యై అంతకంటే గట్టిగా కెవ్వుమంది.

"చెవులు అడ్డం పడుతున్నాయి" అని పైనుంచి ముసలమ్మ. "మెడ పట్టుకుని తిప్పు, తిప్పుతూ లాగు!"

"మెడా? మెడ పట్టుకోమంటావా!"

"జారే చేపని ఎలా పడతావు మరి?"

అది మాత్రం లమ్యైకి తెలుసు. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎడమచేత్తో ఆ మెడ ఒడిసిపట్టింది... వెచ్చగా, వణుకుతూ ఉంది. తనకంటే ఎక్కువగా వణుకుతోంది! కుడిచేత్తో డబ్బాని మెలితిప్పి, ఒక్క ఊపున...

ఫట్!

లమ్యై వెల్లకిలా పడింది. కళ్ళు తెరిచేసరికి మొహం మీద మొహం. తడిసిపోయిన చెవులు, చేపల కంపు, పెద్ద నాలుక. ఆ నాలుక ఆమె గడ్డం నుంచి నుదుటిదాకా ఒక్కసారి గీసింది.

అరుద్దామని నోరు తెరిచింది. అరుపు బదులు నవ్వొచ్చింది. ఆగకుండా, కడుపు నొప్పి పుట్టేదాకా. పైన ముసలమ్మ కూడా నవ్వుతోంది, కాళ్ళు మాత్రం ముడుచుకునే ఉంది.

"వేడుకకి రా అవ్వా, అందరం కలిసి తిందాం."

"ముందు దాన్ని తీసుకెళ్ళు తల్లీ... దూరంగా తీసుకెళ్ళు."

లమ్యై ఫోను వెతుక్కునేదాకా ముసలమ్మ అరుగు మీంచే లాంతరు పట్టి, చెయ్యి ఊపింది.

ఖమ్‌పేంగ్ వాకిట్లో అడుగుపెట్టేసరికి లమ్యై పట్టు లుంగీ నిండా బురద, జుట్టంతా దుమ్ము. వెనకాల తెల్లకుక్క.

"ఒసేయ్... నీ వెనక కుక్కే!" అని ఖమ్‌పేంగ్ ఎదురు పరిగెత్తింది.

"తెలుసులేవే" అంది లమ్యై.

"అరె, నా కుక్క!" అని చుట్టాల మధ్యలోంచి ఐసు అమ్మే సీతోన్ లేచాడు. అంతా విన్నాక నవ్వులతో ఇల్లు దద్దరిల్లింది. "సొంత కుక్కని చూసి దెయ్యమనుకుని జ్వరం తెచ్చుకున్నావా!" అని మీదపడ్డారు. లమ్యై చేతులు కడుక్కుని, పసిదాని మణికట్టుకి మొదటి దారం కట్టింది. బండి మొరాయించి రాలేకపోయిన ఖమ్‌పేంగ్ కొడుకు పళ్ళెంలో జిగురన్నం, కాల్చిన చేప తెచ్చిపెట్టాడు.

తినబోతూ ఆగింది. "ఆ మిల్లు దగ్గర అవ్వని పిలిచినా రాలేదే. లాంతరు పట్టకపోతే నావల్లయ్యేది కాదు. ఆవిడెవరు?"

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"ఏ అవ్వ?" అంది ఖమ్‌పేంగ్ అత్తగారు, మెల్లగా.

"పొట్టిగా, ముక్కు మీద పుట్టుమచ్చ. కుక్కలంటే నాలాగే భయం."

అత్తగారి చేతిలో గిన్నె కిందికి దిగింది. "బువాఖమ్..." అంది. "మిల్లు యజమాని తల్లి. కుక్కలు తరుముతాయని గడప దాటేది కాదు. ఆ అరుగు మీదే పోయింది... నా పెళ్ళి కాకముందు."

సీతోన్ మళ్ళీ ముసుగు కోసం చూసుకుంటున్నాడు. లమ్యై చేతిమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తర్వాత పళ్ళెంలోని చేపా, జిగురన్నమూ అరిటాకులో పొట్లం కట్టి లేచింది.

"ఎక్కడికే?" అని ఖమ్‌పేంగ్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడే వస్తాను. రెండు రోజులనుంచి అరుగు దిగలేదన్నది పాపం."

ఆమె వాకిట్లోకి రాగానే తెల్లకుక్క కూడా తోక ఊపుతూ లేచింది. లమ్యై వంగి దాని తల నిమిరింది.

"నువ్వు ఇక్కడే ఉండమ్మా" అంది. "ఆవిడ భయపడుతుంది."